పొద్దున్నే 96.4 చూపిస్తే థైరాయిడ్ మందగించినట్టేనా?

కావలి నుంచి ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్న ఇది. వయసు 34, ఒక బాబు ఉన్నాడు. ఏడాదిగా నీరసం, జుట్టు రాలడం, నాలుగు కిలోల బరువు పెరగడం. స్టాఫ్ రూములో అందరూ ఫ్యాను కింద కుర్చీ కోసం చూస్తుంటే ఆమెకు మాత్రం చేతులు చల్లబడి కొంగు కప్పుకోవాలనిపిస్తుంది. నిద్ర లేవగానే చంకలో థర్మామీటర్ పెట్టుకుంటే 96.4 నుంచి 97 మధ్య చూపిస్తోంది. రక్తపరీక్షల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయమని పురమాయించే హార్మోన్) 2.8, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) కూడా నార్మల్. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒక వెల్‌నెస్ కోచ్ "రక్తపరీక్షలను నమ్మొద్దు, థర్మామీటర్ చెప్పేదే నిజం, మీ మెటబాలిజం పడిపోయింది" అని చెప్పి టీ3 (ఇంకో థైరాయిడ్ హార్మోన్) మాత్రలు, అయోడిన్ చుక్కలు వాడమన్నారట. దీనికి తోడు థైరాయిడ్ తగ్గిన అమ్మగారికి థైరోనార్మ్ 75 (థైరాక్సిన్, అంటే టీ4 మాత్ర) ఇస్తున్నా టీఎస్‌హెచ్ ఒకసారి 3, ఒకసారి 11 వస్తోందని బాధపడుతున్నారు.

అమ్మా, మొదట చెప్పాల్సింది చెప్పేస్తాను. ఆ టీ3 మాత్రలూ వద్దు, ఆ చుక్కలూ వద్దు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే మానేసి దగ్గర్లోని ఫిజీషియన్‌కు చూపించుకోండి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా కాలంగా వైద్యం చేస్తున్నాను. ఈ మధ్య ఇలా థర్మామీటర్ అంకెలు నోట్‌బుక్కులో రాసుకుని వచ్చే ఆడపిల్లలు ఎక్కువయ్యారు. వాళ్ల నీరసం నిజం, వాళ్ల చలి నిజం. దానికి చెబుతున్న కారణమే చాలాసార్లు తప్పు. దాని వెంట పడి అసలు కారణాన్ని వదిలేస్తున్నారన్నదే నా ఆవేదన.

ముందు నార్మల్ అని అందరూ అనుకునే 98.6 డిగ్రీల (ఫారెన్‌హీట్) సంగతి చూద్దాం. జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ వుండర్‌లిక్ అనే వైద్యుడు దాదాపు 25,000 మంది రోగుల ఒంటి వేడి కొలిచి 1868లో ఆ వివరాలు ప్రచురించారు. అప్పటి నుంచి 98.6 అన్నది అందరి నోళ్లలోనూ నిలిచిపోయింది. అది సగటు మాత్రమే. 1992లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో 148 మంది ఆరోగ్యవంతుల నోట్లో థర్మామీటర్ పెట్టి కొలిస్తే సగటు 98.2 వచ్చింది. ఏ జబ్బూ లేని ఆ మనుషుల్లోనే 96.0 దాకా దిగిన అంకెలు కనిపించాయి. తెల్లవారి ఆరు గంటల వేళ ఒంటి వేడి అన్నిటికన్నా తక్కువ, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య అన్నిటికన్నా ఎక్కువ. ఇక చంకలో పెడితే నోట్లో కన్నా అర డిగ్రీ నుంచి డిగ్రీ దాకా తక్కువే చూపిస్తుంది. మీరు కొలుస్తున్నది రోజులో అతి చల్లని వేళ, తక్కువ చూపించే చోట. ఏసీ గదిలో పడుకుని లేచినా, చంకలో చెమట తడి ఉన్నా ఇంకాస్త తగ్గుతుంది. ఆడవాళ్లలో నెలసరి మొదటి సగంలో కన్నా అండం విడుదలయ్యాక అర డిగ్రీ దాకా పెరుగుతుంది కూడా. ఒకసారి సాయంత్రం ఐదింటికి, కాఫీ తాగి అరగంట దాటాక, నాలుక కింద పెట్టి నోరు మూసుకుని చూడండి. 98 దగ్గర్లో కనిపించే అవకాశమే ఎక్కువ.

"అయితే థైరాయిడ్‌కూ ఒంటి వేడికీ సంబంధమే లేదా?" అంటారేమో. ఉంది, గట్టి సంబంధమే ఉంది. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా టీ4 తయారుచేస్తుంది. కాలేయం, మూత్రపిండాలు, ఇతర కణజాలాలు దాన్ని టీ3గా మార్చుకుంటాయి. కణంలోకి వెళ్లి పని చేయించేది టీ3. దాని ప్రభావంతో కణాల్లో సోడియం, పొటాషియంలను తోడే పంపులు ఎక్కువ పనిచేస్తాయి, మైటోకాండ్రియాలు ఎక్కువ ఇంధనం మండిస్తాయి, వేడి పుడుతుంది. హార్మోన్ తగ్గితే ఆ మంట తగ్గుతుంది. కానీ ఒంటి లోపలి వేడి పడిపోకుండా కాపాడుకోవడానికి శరీరానికి ఇంకో దారి ఉంది. చర్మం కింది రక్తనాళాలను ముడుచుకునేలా చేసి వేడిని లోపలే దాచుకుంటుంది. అందుకే థైరాయిడ్ తగ్గినవాళ్ల చేతులు ముట్టుకుంటే చల్లగా, పొడిగా ఉంటాయి, నాలుక కింద మాత్రం దాదాపు మామూలు అంకే వస్తుంది. లోపలి వేడి నిజంగా దిగజారడం బాగా ముదిరిన కేసుల్లోనే చూస్తాం. చలిగా అనిపించడం వేరు, థర్మామీటర్ తక్కువ చూపించడం వేరు. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లలో ఎందరికో థర్మామీటర్ నార్మల్‌గానే ఉంటుంది, ఆ జబ్బు లేనివాళ్లలో ఎందరికో 97 లోపు ఉంటుంది. అటూ ఇటూ పనికిరాని కొలతను నమ్ముకుని హార్మోన్ మింగకూడదు.

ఈ థర్మామీటర్ పద్ధతి కొత్తగా వచ్చింది కాదు. 1942లో అమెరికాలో బ్రోడా బార్న్స్ అనే వైద్యుడు నిద్ర లేవగానే చంకలో కొలిచే పద్ధతిని ముందుకు తెచ్చారు. ఆనాటికి టీఎస్‌హెచ్ పరీక్షే లేదు. మనిషి విశ్రాంతిగా పడుకుని ఎంత ఆక్సిజన్ పీలుస్తున్నాడో కొలిచి మెటబాలిజం అంచనా వేసేవారు. అది కష్టమైన పని, తప్పులు ఎక్కువ. అలాంటి రోజుల్లో థర్మామీటర్ చూడాలనిపించడంలో అర్థముంది. ఈనాడు కావలి బజారులోని ల్యాబులో కూడా టీఎస్‌హెచ్ చేస్తున్నప్పుడు ఆ అవసరం లేదు. 1990 ప్రాంతంలో డెనిస్ విల్సన్ అనే ఇంకో వైద్యుడు, పరీక్షలు నార్మల్‌గా ఉండి ఒంటి వేడి తక్కువున్నవాళ్లకు టీ3 ఇవ్వాలంటూ ఆ లక్షణాలకు తన పేరే పెట్టారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ తేల్చి చెప్పింది. ఆయన దగ్గర హార్మోన్ వాడిన ఒక స్త్రీ చనిపోయాక 1992లో ఫ్లోరిడా మెడికల్ బోర్డు ఆయన లైసెన్స్‌ను కొంతకాలం సస్పెండ్ చేసింది. మీ కోచ్ చెబుతున్నది ఈ సిద్ధాంతమే, పేరు మార్చుకుని వచ్చింది.

టీ3 అంత తేలికైన మందు కాదమ్మా. వేసుకున్న కొద్ది గంటల్లోనే రక్తంలో ఎగబాకుతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి వారం హుషారుగా అనిపించొచ్చు, దాన్ని చూసి మందు పనిచేస్తోందని మోసపోతారు. అవసరం లేని ఒంటికి ఎక్కువ కాలం ఇస్తే గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడటం జరుగుతాయి. టీఎస్‌హెచ్‌ను మేస్త్రీ కేకలా అనుకోండి. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి మేస్త్రీ, థైరాయిడ్ కూలీ. పని మందగిస్తే కేక పెరుగుతుంది, పని ఎక్కువైతే కేక తగ్గుతుంది. మీ మేస్త్రీ 2.8 దగ్గర మామూలుగా మాట్లాడుతున్నాడు, అంటే పని సరిగ్గానే జరుగుతోంది.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. మేస్త్రీయే జబ్బుపడితే పని ఆగిపోయినా కేక వినిపించదు. టీఎస్‌హెచ్ నార్మల్‌గా కనిపించి మనల్ని మోసం చేసేది ఇలాంటప్పుడే. మన దగ్గర దీనికి ముఖ్యమైన కారణం కాన్పులో విపరీతంగా రక్తం పోవడం. అప్పుడు పిట్యూటరీకి రక్తం అందక దెబ్బతింటుంది, దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. కాన్పు తర్వాత పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, చంకల్లో వెంట్రుకలు రాలిపోతాయి, మనిషి ఏళ్ల తరబడి నీరసంగా, చలికి ముడుచుకుని ఉంటుంది. ఉదయగిరి వైపు పల్లెల నుంచి, కనిగిరి, పామూరు వైపు నుంచి ఇలాంటి ఆడవాళ్లు ఎన్నో ఏళ్లు బలానికి గ్లూకోజు బాటిళ్లు ఎక్కించుకుంటూ గడిపి ఆఖరికి పెద్దాసుపత్రికి వస్తారు. వాళ్లలో టీఎస్‌హెచ్ నార్మల్, ఫ్రీ టీ4 మాత్రం బాగా తక్కువ. వాళ్లకు థైరాయిడ్ మాత్ర ఒక్కటే ఇస్తే ప్రమాదం కూడా. పిట్యూటరీ దెబ్బతింటే తగ్గే ఇంకో హార్మోన్ కార్టిసాల్ చూసి, తక్కువుంటే ముందు దాన్ని సరిచేసి, ఆ తర్వాతే థైరాక్సిన్ ఇవ్వాలి. మీకు ఫ్రీ టీ4 కూడా నార్మల్‌గా ఉంది, బాబుకు పాలు ఇచ్చారు, నెలసరి వస్తోంది అని రాశారు కాబట్టి ఇది మీ కథ కాదు. చదువుతున్నవారిలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి మనిషి ఉంటే టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి ఊరుకోకండి.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నారా? మీరు రాయలేదు. వాడుతుంటే చాలా ల్యాబు యంత్రాల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తుంది. కనీసం రెండు రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేయించుకోండి. మాత్ర డోసు ఎక్కువైతే ఇంకొన్ని రోజులు ముందే ఆపాలి, డాక్టరుకు డోసు చెప్పి అడగండి.

అయోడిన్ చుక్కల గురించి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, గర్భిణికి 250. ఆ చుక్కలు సాధారణంగా లూగాల్ ద్రావణం, అంటే నీళ్లలో కలిపిన గాఢమైన అయోడిన్. 5 శాతం ద్రావణంలో ఒక్క చుక్కలో సుమారు 6 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే రోజు అవసరానికి 40 రెట్లు. అంత అయోడిన్ పడితే బాగున్న థైరాయిడ్ పని మానేయొచ్చు, కొందరిలో అదుపు తప్పి ఎక్కువ పనిచేయొచ్చు. అయోడిన్ లోపం దేశాన్ని పీడించిన రోజులు ఉన్నాయి. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1950ల్లో హిమాలయాల దగ్గరి కాంగ్డా లోయలో ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్ (గొంతు దగ్గర థైరాయిడ్ వాపు) తగ్గుతుందని చూపించారు. ఈ రోజు మనం కొనే ప్యాకెట్ ఉప్పు వెనక ఆ కృషి ఉంది. ఇంటికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం (కిలోకి 15 మిల్లీగ్రాములు) అయోడిన్ ఉండాలన్నది నిబంధన. మన తీరంలోనే ఇసకపల్లి, చినగంజాం వైపు ఉప్పు కొటార్లున్నాయి. అక్కడి కల్లుప్పు అయోడిన్ కలపకుండానే సంచుల్లో వస్తుంది. ఆవకాయకి, ఎండు చేపలకి అది వాడుకోండి, ఇబ్బంది లేదు. రోజూ కూరలోకి మాత్రం అయోడిన్ ఉప్పే ఉండాలి. ఈ మధ్య ఫ్యాషన్‌గా వచ్చిన గులాబీ రంగు రాతి ఉప్పుకి మారిపోయినవాళ్లు కూడా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. డబ్బాకి మూత పెట్టి పొయ్యికి దూరంగా ఉంచి, వంట చివర్లో వేస్తే అయోడిన్ నిలుస్తుంది. మీ ఇంట్లో ప్యాకెట్ ఉప్పు, వారానికి రెండుసార్లు సముద్రపు చేపల పులుసు ఉందన్నారు. మీకు అయోడిన్ లోటు ఉండే అవకాశం చాలా తక్కువ.

క్యాబేజీ, కాలీఫ్లవర్ కూడా మానేయమని ఆ కోచ్ చెప్పారట. ఉడికించి మామూలుగా తినే మోతాదులో అవి ఏమీ చేయవు. సజ్జల విషయంలో కాస్త నిజముంది. మూడు పూటలా సజ్జే తినే, అయోడిన్ అందని ప్రాంతాల్లో గాయిటర్ పెరిగినట్టు చూశారు. వారంలో రెండు రోజులు సజ్జ రొట్టె తినే మనకు ఆ భయం అక్కర్లేదు. అత్తగారి ఊరు కనిగిరి దగ్గరని, అక్కడి ఫ్లోరైడ్ నీళ్ల వల్లేమోనని కూడా అడిగారు. ఆ నీళ్లు పళ్లను, ఎముకలను పాడుచేస్తాయన్నది రుజువైన విషయం, ఆ ఒక్క కారణంతోనే అక్కడి బోరు నీళ్లు తాగడం మానాలి. థైరాయిడ్ మీద దాని ప్రభావం గురించి అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు. ఏదైనా తేడా వస్తే టీఎస్‌హెచ్‌లోనే కనబడుతుంది, మీకు కనబడలేదు.

మరి మీ చలికి కారణం ఏమిటి? నా అనుమానం మొదట ఐరన్ మీదికే పోతుంది. నీరసం, జుట్టు రాలడం, చేతులు చల్లబడటం, మెట్లెక్కితే ఆయాసం, ఇవన్నీ రక్తహీనతలోనూ ఉంటాయి. ఐరన్ లోపం ఉన్నవాళ్లు చలికి సరిగ్గా తట్టుకోలేరు, శరీరం వేడి పుట్టించుకునే శక్తి తగ్గుతుంది. పైగా థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే ఎంజైముకే ఐరన్ కావాలి. హిమోగ్లోబిన్ 12 లోపు ఉంటే అది రక్తహీనత. 12 పైన ఉన్నా ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) 30 లోపు ఉంటే నిల్వలు అడుగంటాయని చాలామంది డాక్టర్లు లెక్కిస్తారు, 15 లోపు ఉంటే ఇక సందేహమే లేదు. పొగాకు గ్రేడింగుకు వెళ్లే ఆడవాళ్ల దగ్గర నుంచి బ్యాంకు ఆఫీసర్ల దాకా ఈ లోపం చూస్తుంటాను. నెలసరి ఎన్ని రోజులు, గడ్డలు పడుతున్నాయా అన్నది ఎవరూ అడగరు, వాళ్లూ సిగ్గుపడి చెప్పరు. మీరు మాత్రం డాక్టరుకు తప్పక చెప్పండి. ఎక్కువ పోతుంటే ఐరన్ మాత్ర ఒక్కటే చాలదు, కారణం వెతకాలి. ఐరన్ మాత్రను కాఫీ, టీలతో వేసుకోవద్దు, నిమ్మరసమో జామకాయో తోడుంటే బాగా పడుతుంది. రోజూ వేసుకుంటే కడుపులో తిప్పుతోంది అనేవాళ్లకు రోజు విడిచి రోజు ఇచ్చినా చక్కగా పనిచేస్తుంది.

ఐరన్‌తో పాటు బీ12, షుగర్ కూడా చూడాలి. బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేశానని రాశారు. అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. తిండి బాగా తగ్గించినప్పుడు శరీరం జాగ్రత్తపడి టీ4ను టీ3గా మార్చడం తగ్గించేస్తుంది, వేడి తక్కువ పుట్టిస్తుంది. ఇది జబ్బు కాదు, ఒళ్లు తనను తాను కాపాడుకునే తీరు. సరిగ్గా తింటే సర్దుకుంటుంది. మైగ్రేన్ కోసమో దడ కోసమో ప్రొప్రనలాల్ లాంటి మాత్ర వాడేవాళ్లకు కూడా చేతులు చల్లబడతాయి. నాలుగు కిలోల బరువు గురించి ఒక మాట. థైరాయిడ్ నిజంగా తగ్గినవాళ్లలో కూడా దాని వల్ల పెరిగేది మామూలుగా రెండు నుంచి నాలుగున్నర కిలోలు, అందులో ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. పది, పదిహేను కిలోలను థైరాయిడ్ మీదికి నెట్టడం కుదరదు.

ఇక అమ్మగారి సంగతి. ఆవిడ మాత్ర ఎలా వేసుకుంటున్నారో రాశారు: పళ్లు తోముకోగానే కాఫీ, దాంతోపాటు బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం, థైరాయిడ్ మాత్ర అన్నీ ఒకేసారి. టీఎస్‌హెచ్ పైకీ కిందికీ ఊగడానికి ఇది చాలు, డోసు పెంచాల్సిన పని ఉండకపోవచ్చు. థైరాక్సిన్‌ను ఖాళీ కడుపున ఒట్టి మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. మన ఇళ్లలో పొద్దున్నే ఫిల్టర్ కాఫీ ఆపించడం ఎంత కష్టమో నాకు తెలుసు. కుదరకపోతే రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత, పడుకోబోయే ముందు వేసుకోమనండి, అది కూడా అంతే బాగా పనిచేస్తుంది. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం తప్పనిసరి. ఆవిడకు కాల్షియం మధ్యాహ్నం భోజనంతో ఇవ్వండి. రాత్రి పూట థైరాక్సిన్‌కి మారితే కాల్షియం రాత్రి భోజనంతో వద్దు. గ్యాస్ మాత్ర కూడా థైరాక్సిన్ పట్టడాన్ని కొంత తగ్గిస్తుంది, నెలల తరబడి అది నిజంగా అవసరమా అని డాక్టరును అడగండి. వారంలో రెండు రోజులు మరిచిపోతే డోసులో పాతిక శాతానికి పైగా పోయినట్టే.

సీసా ఎక్కడ పెడుతున్నారు? థైరాక్సిన్ వేడికీ వెలుతురుకూ తేమకూ పాడవుతుంది. రోహిణి కార్తెలో మన ఊళ్లలో వంటింటి అరమరల్లో ఉండే వేడికి ఆ మాత్ర బలం తగ్గిపోవచ్చు. దాని సీసాలోనే, మూత బిగించి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో ఉంచండి. కంపెనీ మార్చినా, 75కి బదులు 50, 25 కలిపి ఇచ్చినా డాక్టరుకు తెలియాలి. ఇవన్నీ సరిచేశాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టీఎస్‌హెచ్ చేయించండి. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, అంతకన్నా ముందు చేయిస్తే నిజమైన అంకె రాదు. ప్రతిసారీ ఒకే ల్యాబు, ఒకే వేళ. ఆ పూట రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోమనండి. ఆవిడకు అరవై దాటాయి కదా, టీఎస్‌హెచ్‌ను 1 దగ్గరికి దించాలని ఎవరూ పట్టుబట్టకూడదు. పెద్ద వయసులో అది కాస్త పైన ఉండటం మామూలే. మందు ఎక్కువైతే గుండెకూ ఎముకలకూ నష్టం.

తక్కువ ఉష్ణోగ్రత నిజంగా భయపడాల్సిన సందర్భం ఒకటుంది, అది ఆవిడ వయసువారికే. మందు మానేసిన పెద్దవారు డిసెంబరు చలిలో, ఏ న్యుమోనియాతోనో ఉన్నప్పుడు మొహం ఉబ్బి, మాట మందగించి, మగతగా పడి ఉంటే, నాడి నెమ్మదించి థర్మామీటర్ 95 లోపు చూపిస్తే, అది మిక్సిడీమా కోమా (థైరాయిడ్ హార్మోన్ బాగా తగ్గి ప్రాణం మీదికి వచ్చే స్థితి) కావచ్చు. దుప్పట్లు కప్పి, వేడి కాఫీ పట్టించి పొద్దున దాకా చూద్దామనుకోవద్దు. 108కి ఫోన్ చేసి ఒంగోలో నెల్లూరో, ఏది దగ్గరైతే అక్కడికి, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. షుగర్ పడిపోయినా, రక్తంలో ఇన్ఫెక్షన్ పాకినా పెద్దవాళ్లలో జ్వరానికి బదులు ఒళ్లు చల్లబడొచ్చు. ఏదైనా ఎమర్జెన్సీయే.

మీ విషయానికి వస్తే హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బీ12, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) చేయించండి. వాటితోపాటు యాంటీ టీపీఓ (ఒళ్లే థైరాయిడ్ మీద దాడి చేస్తోందేమో చూసే పరీక్ష) ఒక్కసారి చాలు. అమ్మగారికి థైరాయిడ్ ఉంది కాబట్టి అది మీలోనూ పాజిటివ్ వచ్చే అవకాశముంది. వచ్చినా టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉన్నంతకాలం మందు అక్కర్లేదు, ఏడాదికోసారి చూసుకుంటే సరి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే మాత్రం గర్భం అని తెలిసిన వారంలోనే టీఎస్‌హెచ్ చేయించుకోవాలి. మొదటి మూడు నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. రిపోర్టులు చేతికొచ్చాక ఆ అంకెలతోపాటు నెలసరి వివరాలు, వాడుతున్న మాత్రలన్నిటి పేర్లు రాయండి. సాయంత్రం నోట్లో కొలిచిన ఉష్ణోగ్రత కూడా ఒకటి రెండు రోజులది రాస్తే చాలు, పొద్దున్నే రోజూ కొలవడం ఇక ఆపేయండి.